ఇల్లు కొనే హక్కు ఎవరికి? దుబాయి నుంచి ఉట్నూరు దాకా



పోయినసారి హాస్టల్‌కు వచ్చినప్పుడు రాత్రి భోజనాల తర్వాత వరండాలో కూర్చున్నాం. తొమ్మిదో తరగతి తమ్ముడొకడు ఉన్నట్టుండి అడిగాడు: "అన్నా, మా నాయిన పన్నెండేండ్ల సంది దుబాయిల బిల్డింగులు కడుతున్నడు. అండ్ల ఒక్క ఇల్లన్న మేం కొనుక్కోరాదా?"

పక్కనున్న పిల్లలు నవ్వారు. నేను నవ్వలేకపోయాను, ఎందుకంటే అది మంచి ప్రశ్న. పరాయి దేశపు మనిషి ఇల్లు కొనవచ్చా, కొంటే ఎక్కువ పన్ను ఎందుకు కట్టాలి అన్నదాని మీద ఇవాళ ప్రపంచంలో చాలా దేశాలు చట్టాలు చేస్తున్నాయి. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పిల్లలకు ఇది దూరపు సంగతి కాదు. మనలో చాలామంది ఇండ్లలో నాన్నో, అన్నో, మేనమామో గల్ఫ్‌లో ఉన్నారు. మన సీనియర్లలో కొందరు అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా కూడా చేరుకున్నారు. ఇక ఆదిలాబాద్ ఏజెన్సీలో అయితే దేశం దాటనక్కరలేదు, పక్క మండలం వాడు కూడా జాగా కొనలేని చట్టం ఉంది.

ఆ రాత్రి ఆ తమ్ముడికి పూర్తి జవాబు చెప్పలేకపోయాను. తర్వాత చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మూడు ప్రశ్నలు

ఏ దేశంలోనైనా ఇల్లుగానీ, భూమిగానీ కొనేవారిని చట్టం మూడు ప్రశ్నలు అడుగుతుంది. నువ్వు ఎవరు? కొనేది ఏమిటి? అది ఎక్కడ ఉంది? డబ్బు ఎంత ఉంది అన్నది వీటి తర్వాత వచ్చే ప్రశ్న. ఈ మూడింటిని గుర్తు పెట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

గల్ఫ్‌లో మనవాళ్ల సంగతి

ముందు దుబాయి సంగతి చూద్దాం. ఒకప్పుడు అక్కడ విదేశీయులకు స్థిరాస్తి మీద పూర్తి హక్కు ఉండేది కాదు. 2002లో అక్కడి పాలకులు కొన్ని ప్రాంతాల్లో విదేశీయులకు ఇండ్లు అమ్మడానికి దారి తెరిచారు. 2006లో 7వ నంబరు చట్టం తెచ్చి దానికి గట్టి రూపం ఇచ్చారు. ఆ చట్టం ప్రకారం దుబాయిలో ఎక్కడైనా ఆస్తి కొనే హక్కు యూఏఈ పౌరులకు, గల్ఫ్ సహకార మండలి దేశాల పౌరులకు ఉంటుంది. మిగతా విదేశీయులు పాలకుడు గుర్తించిన ప్రాంతాల్లో మాత్రమే కొనాలి. అక్కడ వారికి పూర్తి యాజమాన్యమైనా ఇస్తారు, లేదా 99 ఏండ్ల వరకు లీజైనా ఇస్తారు. పామ్ జుమేరా, దుబాయి మెరీనా వంటివి అలాంటి ప్రాంతాలే.

కాబట్టి తమ్ముడి ప్రశ్నకు కాగితం మీద జవాబు 'కొనవచ్చు' అనే. విదేశీయుడైనా, కూలీ అయినా గుర్తించిన ప్రాంతంలో కొనడానికి చట్టం అడ్డు చెప్పదు. అడ్డు చెప్పేది ధర. 20 లక్షల దిర్హామ్‌ల ఆస్తి కొన్న విదేశీయునికి 10 ఏండ్ల గోల్డెన్ వీసా ఇచ్చే ఏర్పాటు కూడా అక్కడ ఉంది. ఆ బిల్డింగుకు సిమెంటు మోసిన మనిషికి మాత్రం లేబర్ క్యాంపు గదిలో ఒక మంచం దక్కుతుంది. పని పోతే వీసా పోతుంది, వీసా పోతే ఆ మంచం కూడా పోతుంది. గల్ఫ్ దేశాలు మామూలు వలస కార్మికులకు పౌరసత్వం ఇవ్వవు. అందుకే మనవాడు 30 ఏండ్లు పని చేసినా అక్కడ విదేశీయుడే.

సౌదీ అరేబియాలో కట్టుబాట్లు ఇంకా గట్టిగా ఉండేవి. 2000 నాటి చట్టం ప్రకారం అక్కడ నివసించే విదేశీయుడు సర్కారు అనుమతితో తాను ఉండడానికి ఒక ఇల్లు మాత్రమే కొనుక్కోవలసి ఉండేది. మక్కా, మదీనా నగరాల్లో అది కూడా కుదిరేది కాదు. 2025 జులైలో అక్కడి మంత్రివర్గం కొత్త చట్టానికి ఆమోదం తెలిపింది. అది 2026 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. గుర్తించిన ప్రాంతాల్లో విదేశీయులు కొనడానికి ఇది వీలు కల్పిస్తుంది.

మన దేశంలో చట్టం ఏమంటుంది?

ఇప్పుడు ఇటువైపు చూద్దాం. గల్ఫ్‌కు పోయినవారు సంపాదించిన డబ్బుతో ఇక్కడ ఏం కొనవచ్చు? ఈ విషయం మన ఇండ్లలో చాలామందికి తెలియదు, తెలియక నష్టపోతారు కూడా. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

విదేశీ మారక ద్రవ్యానికి సంబంధించిన 'ఫెమా' చట్టం 1999లో వచ్చింది, 2000 జూన్ 1 నుంచి అమలవుతోంది. దేశం బయట నివసించేవారు ఇక్కడ స్థిరాస్తి కొనడం దీని కిందికి వస్తుంది. దీని ప్రకారం మనుషులను స్థూలంగా మూడు రకాలుగా చూస్తారు.

మొదటి రకం, భారత పౌరుడై ఉండి పని కోసం బయట ఉన్నవాడు. ఇతనిని ప్రవాస భారతీయుడు, అంటే ఎన్నారై అంటారు. ఎన్నారై అనగానే మనకు అమెరికా సాఫ్ట్‌వేర్ ఇంజనీరు గుర్తుకొస్తాడు. కానీ ఈ చట్టం దృష్టిలో ఉద్యోగం కోసం దేశం విడిచిన గల్ఫ్ కార్మికుడు కూడా ఎన్నారైయే.

రెండో రకం, వేరే దేశం పౌరసత్వం తీసుకున్న మన మూలాల వారు. వీరికి ఓసీఐ కార్డు ఉంటుంది.

మూడో రకం, ఏ భారతీయ మూలాలూ లేని విదేశీయుడు.

ఎన్నారైలు, ఓసీఐ కార్డు ఉన్నవారు ఇక్కడ ఇల్లు, ఫ్లాటు, దుకాణం కొనవచ్చు. ఎన్ని కొనాలన్న లెక్క కూడా లేదు. కానీ వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనరాదు. డబ్బు కూడా బ్యాంకు ద్వారా రావాలి. దిర్హామ్ నోట్లు తెచ్చి చేతిలో పెట్టి కొనే పద్ధతి చెల్లదు.

ఇక్కడే మన కుటుంబాలకు చిక్కు వస్తుంది. మనవాడు మస్కట్‌లో ఐదేండ్లు కష్టపడేది ఊర్లో రెండెకరాల పొలం కోసం. సెలవు మీద వచ్చి తన పేరు మీద పొలం రిజిస్ట్రేషన్ చేయించుకుంటాడు, తిరిగి విమానం ఎక్కుతాడు. చట్టం ప్రకారం అది తప్పు. సొమ్ము విలువకు మూడింతల దాకా జరిమానా వేసే అధికారం ఆ చట్టంలో ఉంది. మరి దారి ఏమిటి? పోకముందే తన పేరు మీద ఉన్న పొలం అలాగే ఉంచుకోవచ్చు. తండ్రి నుంచి వారసత్వంగా వచ్చే పొలం తీసుకోవచ్చు. ఊర్లో ఉన్న భార్య గానీ, తల్లిదండ్రులు గానీ తమ పేరు మీద కొనుక్కోవచ్చు. శాశ్వతంగా తిరిగి వచ్చి ఇక్కడే స్థిరపడితే తన పేరు మీదనే కొనుక్కోవచ్చు. గల్ఫ్ డబ్బుతో కొన్న పొలం ఊర్లో కష్టపడుతున్న అమ్మ పేరు మీద ఉండడం నా దృష్టిలో మంచిదే.

ఇక మూడో రకం, అంటే భారతీయ మూలాలు లేని విదేశీయుడు. బయట ఉండి ఇక్కడ ఇల్లు కొనడం సాధారణంగా అతనికి కుదరదు. ఐదేండ్లకు మించని లీజు తీసుకోవచ్చు. పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, చైనా, నేపాల్ వంటి కొన్ని దేశాల పౌరులైతే రిజర్వు బ్యాంకు ముందస్తు అనుమతి కూడా కావాలి. కనుక విదేశీయులను అడ్డుకునే దేశాల జాబితాలో మన దేశం కూడా ఉంది. ఇతర దేశాలను తప్పుపట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పన్ను విషయానికి వస్తే, ఎన్నారై అయినంత మాత్రాన స్టాంపు డ్యూటీ ఎక్కువ ఉండదు. అమ్మేటప్పుడు మాత్రం తేడా ఉంది. ఇక్కడ నివసించేవారు 50 లక్షలు, ఆపైన విలువ ఉన్న ఇల్లు అమ్మితే కొనేవారు 1 శాతం పన్ను పట్టుకుని ప్రభుత్వానికి కడతారు. అమ్మేది ఎన్నారై అయితే ఆ 50 లక్షల మినహాయింపు ఉండదు, పట్టుకునే పన్ను శాతం కూడా చాలా ఎక్కువ. ఇది తెలియక కొన్నవారు తర్వాత పన్ను నోటీసు అందుకుంటారు.

అదనపు పన్ను వేసే దేశాలు

కొన్ని దేశాలు విదేశీయులను పూర్తిగా ఆపకుండా ఎక్కువ పన్ను వేస్తాయి. ఇందులో అందరికంటే ముందున్నది సింగపూర్. 2011 డిసెంబరులో అక్కడ విదేశీయుడు ఇల్లు కొంటే ధరలో 10 శాతం అదనపు స్టాంపు డ్యూటీ పెట్టారు. దానిని క్రమంగా 15, 20, 30 శాతాలకు పెంచుకుంటూ పోయి, 2023 ఏప్రిల్‌లో 60 శాతం చేశారు. అంటే 10 లక్షల డాలర్ల ఇంటికి 6 లక్షల డాలర్లు అదనపు పన్నే. మామూలు స్టాంపు డ్యూటీ వేరు. సింగపూర్ పౌరుడు మొదటి ఇల్లు కొంటే ఈ అదనపు పన్ను ఉండదు. అమెరికా, స్విట్జర్లాండ్ వంటి కొన్ని దేశాల పౌరులను మాత్రం వాణిజ్య ఒప్పందాల వల్ల సొంత పౌరులతో సమానంగా చూస్తారు. భారతీయులకు ఆ వెసులుబాటు లేదు.

కెనడాలో వాంకోవర్ నగరం ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం 2016 ఆగస్టులో విదేశీయులపై 15 శాతం పన్ను వేసింది, 2018లో 20 శాతం చేసింది. టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రం 2017లో 15 శాతంతో మొదలుపెట్టి 2022లో 25 శాతానికి తెచ్చింది. అది కూడా చాలదని, నగర ప్రాంతాల్లో విదేశీయులు ఇండ్లు కొనడాన్నే 2023 జనవరి 1 నుంచి కెనడా ప్రభుత్వం నిషేధించింది. రెండేండ్లకని పెట్టిన నిషేధాన్ని తర్వాత 2027 జనవరి 1 దాకా పొడిగించారు. శాశ్వత నివాసం పొందినవారికి ఇది వర్తించదు. వర్క్ పర్మిట్ మీద ఉన్నవారికి కొన్ని షరతులతో ఒక ఇల్లు కొనే వీలుంది.

న్యూజిలాండ్ 2018లో విదేశీయులు పాత ఇండ్లు కొనకుండా చట్టం చేసింది. ఆస్ట్రేలియా 2025 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 దాకా అలాంటి నిషేధమే ప్రకటించింది. తాత్కాలిక వీసా మీద ఉన్నవారు కూడా దీని కిందికి వస్తారు. ఇంగ్లండ్‌లో 2021 ఏప్రిల్ నుంచి ఆ దేశంలో నివసించనివారు ఇల్లు కొంటే 2 శాతం అదనంగా కట్టాలి.

ఎందుకు ఇలా చేస్తున్నారు?

దీనిని మన ఊరి లెక్కలో చూద్దాం. ఒక ఊర్లో 100 ఇండ్లు ఉన్నాయి, 100 కుటుంబాలు ఉన్నాయి. బయటి నుంచి బాగా డబ్బున్న పది మంది వచ్చి తలా ఒక ఇల్లు కొని, తాళం వేసి పోయారు. వారికి అది ఉండే ఇల్లు కాదు, డబ్బు దాచుకునే పెట్టె. ఇప్పుడు 90 ఇండ్ల కోసం 100 కుటుంబాలు పోటీ పడాలి. ధర పెరుగుతుంది, కిరాయి పెరుగుతుంది. కూలి మాత్రం పెరగదు. ఊర్లో పుట్టిన పిల్లవాడు ఊరి బయటికి పోవాల్సి వస్తుంది. వాంకోవర్, సింగపూర్, సిడ్నీ ప్రజల ఫిర్యాదు ఇదే. పన్ను వేస్తే బయటి కొనుగోలు తగ్గుతుంది, వచ్చిన సొమ్ము సర్కారుకు ఉపయోగపడుతుంది అన్నది ప్రభుత్వాల వాదన.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది. చాలా దేశాల్లో ఇండ్లు కొనేవారిలో విదేశీయుల వాటా తక్కువే. అసలు కారణం కావలసినన్ని ఇండ్లు కట్టకపోవడం. విదేశీయునికి ఓటు లేదు కాబట్టి తప్పు అతని మీద వేయడం ప్రభుత్వాలకు సులువు అని ఈ వాదన చేసేవారు అంటారు. హాంకాంగ్ 2012లో బయటివారిపై 15 శాతం పన్ను పెట్టింది. ఇండ్ల ధరలు పడిపోయి అమ్మకాలు మందగించేసరికి 2024 ఫిబ్రవరిలో ఎత్తేసింది. దీన్నిబట్టి ఇవి మారని ధర్మసూత్రాలు కావనీ, అవసరం కొద్దీ పెట్టేవి, తీసేవి అనీ తెలుస్తుంది. అందుకే వీటి గురించి పాత సమాచారం నమ్మి డబ్బు కట్టరాదు.

రక్షణ పేరుతో వెలివేత

ఇంతవరకు చెప్పినవి ధరలకు సంబంధించిన చట్టాలు. మనిషి పుట్టుకను చూసి భూమి ఇవ్వని చట్టాలు కూడా చరిత్రలో ఉన్నాయి. మన హాస్టల్ పిల్లలు వీటిని తప్పక తెలుసుకోవాలి.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1913లో ఒక చట్టం చేసింది. పౌరసత్వం పొందడానికి అర్హత లేని విదేశీయులు వ్యవసాయ భూమి కొనరాదని దాని సారాంశం. దేశం పేరు ఎక్కడా రాయలేదు గానీ అది జపాన్ రైతుల మీద గురిపెట్టినది. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే భారతీయుని కేసులో, భారతీయులు తెల్లవారు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దాంతో అక్కడి పంజాబీ రైతులు కూడా ఆ భూచట్టం కిందికి వచ్చారు. సొంత చెమటతో సాగు చేసిన నేలను ఇతరుల పేర్ల మీద పెట్టుకోవలసి వచ్చింది. 1952లో గానీ కాలిఫోర్నియా కోర్టు ఆ చట్టాన్ని కొట్టివేయలేదు.

మరి ఆ రైతులు వచ్చిన పంజాబ్‌లో సంగతేమిటి? అక్కడ 1900లో బ్రిటిష్ ప్రభుత్వం భూమి అన్యాక్రాంత చట్టం తెచ్చింది. అప్పుల కింద రైతుల భూములు వడ్డీ వ్యాపారుల పాలు కాకుండా కాపాడడం దాని ఉద్దేశం. అందుకోసం కొన్ని కులాలను 'వ్యవసాయ తెగలు'గా ప్రకటించి, వారి భూమిని ఇతరులు కొనకుండా కట్టడి చేశారు. ఆ జాబితాలో పొలంలో పని చేసే దళితులు లేరు. వడ్డీ వ్యాపారిని ఆపడానికి కట్టిన గోడ, ఆ పొలాన్నే దున్నిన కూలీని కూడా బయటే నిలబెట్టింది. డబ్బు కూడబెట్టుకున్నా అతడు ఆ భూమి కొనలేకపోయాడు.

మంగూరాం ముగోవాలియా అనే దళిత నాయకుడు 1909లో కాలిఫోర్నియా వెళ్లి పొలాల్లో పని చేశాడు, గదర్ పార్టీలో చేరాడు. తిరిగి వచ్చి 1926లో పంజాబ్‌లో ఆది ధర్మ ఉద్యమాన్ని స్థాపించాడు. అక్కడ విదేశీయుడని భూమి లేదు, ఇక్కడ కులం తక్కువని భూమి లేదు. ఈ రెండూ ఆయన చూసినవే. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక గానీ ఆ పంజాబ్ చట్టం పోలేదు.

పట్నంలో కిరాయి ఇల్లు అడగబోతే ముందు కులం అడిగి, తర్వాత "ఇల్లు ఖాళీ లేదు" అనిపించుకున్న అనుభవం మన పూర్వ విద్యార్థుల్లో ఎందరికో ఉంది. దానికి ఏ చట్టమూ లేదు, గెజెట్టూ లేదు. అయినా అది కూడా బయటివాడికి పెట్టిన కట్టడే. సొంత దేశంలోనే మనల్ని బయటివాడిని చేసిన కట్టడి.

ఆదిలాబాద్‌లో వన్ ఆఫ్ సెవెంటీ

ఇప్పుడు మన దగ్గరి సంగతి. ఉట్నూరు, ఇంద్రవెల్లి, నార్నూర్, జైనూర్, కెరమెరి, తిర్యాణి వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనేతరులు స్థిరాస్తి కొనరాదు. దీనినే జనం 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటారు. మన రాజ్యాంగం 19వ అధికరణ కింద ప్రతి పౌరునికీ దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు ఉంది. అదే అధికరణ, షెడ్యూల్డు తెగల ప్రయోజనం కోసం ఆ హక్కుకు సమంజసమైన హద్దు పెట్టవచ్చని కూడా చెప్పింది. ఐదో షెడ్యూలు ఈ ప్రాంతాల భూములపై నిబంధనలు చేసే అధికారాన్ని గవర్నరుకు ఇచ్చింది.

ఈ చట్టం ఊరికే రాలేదు. రైలు, రోడ్లు, పత్తి వ్యాపారం, వడ్డీ వ్యాపారం అడవిలోకి వచ్చే కొద్దీ గోండులు, కొలాములు తమ భూముల్లోనే కూలీలయ్యారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ నేలకొరిగాడు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం కారణాలు తెలుసుకోవడానికి మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయి గూడెంలో ఉండి పని చేశాడు. గిరిజనులకు పట్టాలు ఇవ్వడం, వారి భూమికి చట్టరక్షణ కల్పించడం అప్పుడు మొదలైంది. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 1959లో భూ బదలాయింపు నిబంధన వచ్చింది. 1963లో తెలంగాణకు వర్తింపజేశారు. 1970లో చేసిన 1వ నంబరు సవరణ దానికి అసలు పదును పెట్టింది. పేరు కూడా అక్కడి నుంచే వచ్చింది.

ఈ సవరణ ప్రకారం ఏజెన్సీలో ఎవరు అమ్మినా కొనేది గిరిజనుడు గానీ, గిరిజనులతోనే ఏర్పడిన సహకార సంఘం గానీ కావాలి. గిరిజనేతరుడు మరో గిరిజనేతరునికి అమ్మినా చెల్లదు. కొనే గిరిజనుడు దొరకకపోతే ప్రభుత్వానికి అప్పగించి పరిహారం తీసుకోవచ్చు. ఇది పొలానికే కాదు, స్థిరాస్తికంతటికీ వర్తిస్తుంది. ఇంటి జాగా, కట్టిన ఇల్లు కూడా ఇందులోకి వస్తాయి. వారసత్వంగా బిడ్డలకు రావడాన్ని మాత్రం ఇది ఆపదు. దీనిపై గిరిజనేతరులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1988లో ఆ కోర్టు చట్టం చెల్లుతుందనే చెప్పింది. 1997లో సమత కేసు తీర్పు ఇంకో అడుగు వేసి, గనుల కోసం ఏజెన్సీ భూములను ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వం కూడా లీజుకు ఇవ్వరాదన్నది.

చట్టం ఉన్నంత మాత్రాన భూమి దక్కలేదు. తెల్లకాగితాల మీద, బినామీ పేర్ల మీద భూములు చేతులు మారుతూనే వచ్చాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజనుల మీద కాల్పులు జరిగిన నాటికి ఈ చట్టానికి పదకొండేండ్లు నిండాయి. భూమి సమస్య మాత్రం తీరలేదు.

మనం దాటవేయకూడని మాట ఒకటి ఉంది. ఈ చట్టం దృష్టిలో షెడ్యూల్డు కులాల వారు కూడా గిరిజనేతరులే. తరతరాలుగా ఏజెన్సీ ఊర్లలో ఉంటున్న పేద దళిత కుటుంబం కూడా అక్కడ గుంట జాగా కొనలేదు. ఆ బాధ నిజమైనది. ఆ కుటుంబాలకు ఇంటి వసతి చూపించమని ప్రభుత్వాన్ని అడగడం న్యాయమే. కానీ చట్టాన్నే ఎత్తేస్తే ముందు వచ్చి కొనేది ఆ పేద కుటుంబం కాదు. పట్నం నుంచి డబ్బు సంచితో వచ్చేవాడు. అప్పుడు గోండుకూ ఉండదు, మనకూ ఉండదు.

ఒక నష్టం కథ

మా వైపు ఊరాయన ఒకరు గల్ఫ్‌లో ఎనిమిదేండ్లు పని చేసి వచ్చాడు. ఏజెన్సీలో రోడ్డు పక్కన ఇంటి జాగా చౌకగా వస్తుందని ఒక మధ్యవర్తి చెప్పాడు. "రిజిస్ట్రేషన్ కాదు గానీ నోటరీ చేస్తే చాలు" అన్నాడు. ఈయన బయానా ఇచ్చాడు, మిగతా డబ్బు కూడా ఇచ్చాడు, పునాది తవ్వించాడు. కొన్నాళ్లకు అధికారులు వచ్చి ఆపారు. తీరా చూస్తే చేతిలో ఉన్నది స్టాంపు కాగితం. మధ్యవర్తి ఫోన్ ఎత్తలేదు. అమ్మిన గిరిజన రైతుకు ముట్టింది ఈయన ఇచ్చిన దాంట్లో కొంచెమే. ఆ రైతు మీద కోపం చూపించబోతే ఆయన కూడా కన్నీళ్లు పెట్టుకున్నాడట. ఇద్దరు పేదల మధ్య లాభపడింది ఒక్క మధ్యవర్తే.

ఆయన ఎనిమిదేండ్ల కష్టం పోవడానికి కారణం ఒక్క ప్రశ్న అడగకపోవడం: ఆ జాగా ఎక్కడ ఉంది?

కొనే ముందు అడగవలసినవి

నువ్వు ఎవరు? గల్ఫ్‌లో ఉన్నవాడివైతే ఇల్లు, ఇంటి జాగా నీ పేరు మీద కొను. పొలమైతే ఊర్లో ఉన్న ఇంటివారి పేరు మీద కొనమని చెప్పు. డబ్బు బ్యాంకు ద్వారానే పంపు. వేరే దేశంలో కొనదలిస్తే నీ వీసా ఏ రకమో, ఆ ఏడాది అక్కడి పన్ను ఎంతో ఆ దేశపు ప్రభుత్వ కార్యాలయంలోనే తెలుసుకో.

కొనేది ఏమిటి? ప్రభుత్వం భూమిలేని పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి అయితే 1977 నాటి చట్టం ప్రకారం దాన్ని అమ్మడం, కొనడం చెల్లదు. మన కుటుంబాల్లో చాలామందికి ఉన్న ఎకరమో అరెకరమో ఇదే. దానిని ఎవరైనా "నేను చూసుకుంటా, సంతకం పెట్టు" అంటే పెట్టవద్దని అమ్మానాన్నలకు చెప్పండి. ఆ చట్టం కూడా మన చేతిలో ఉన్నది మన చేతిలోనే ఉండడానికి వచ్చింది.

అది ఎక్కడ ఉంది? ఏజెన్సీ గ్రామమా కాదా అన్నది తహసీల్దార్ ఆఫీసులో తెలుస్తుంది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ తీయించి, పాత లావాదేవీలు చూడాలి. వంద రూపాయలు, ఆపైన విలువ ఉన్న స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నోటరీ ముద్ర యాజమాన్యం ఇవ్వదు.

చివరిగా

మిత్రులారా, బయటివాడికి పెట్టిన ప్రతి కట్టడీ అన్యాయం కాదు, ప్రతి కట్టడీ న్యాయమూ కాదు. కాలిఫోర్నియా చట్టం బలవంతుడి కోసం బలహీనుడిని ఆపింది. పంజాబ్ చట్టం రైతును కాపాడుతూ కూలీని మరిచింది. వన్ ఆఫ్ సెవెంటీ ఆదివాసీ కోసం డబ్బున్నవాడిని ఆపడానికి వచ్చింది. ఒక చట్టం గురించి విన్నప్పుడు అది ఎవరిని ఆపుతోంది, ఎవరిని కాపాడుతోంది అని అడగండి. అప్పుడే దాని మంచి చెడు తెలుస్తుంది.

ఆ తొమ్మిదో తరగతి తమ్ముడికి ఈసారి చెప్పదలచుకున్నది ఇది. తమ్ముడూ, మీ నాయిన కట్టిన బిల్డింగుల్లో ఇల్లు కొనడానికి చట్టం అడ్డు లేదు, ధర అడ్డు ఉంది. కానీ ఆయన పంపే డబ్బుతో ఊర్లో మీ అమ్మ పేరు మీద ఒక మంచి జాగా, ఈసీ చూసి, రిజిస్ట్రేషన్ చేయించి కొనవచ్చు. ఆ కాగితాలు చదవగలిగేది మీ ఇంట్లో నువ్వే. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ట్రంకు పెట్టెలో ఉన్న పాస్‌బుక్కు, పట్టా కాగితం తీసి, ఎవరి పేరు మీద ఉన్నదో, ఏ సర్వే నంబరో ఒకసారి చదివి అమ్మకు వినిపించు.